గుర్రం జాతకం ఒక్క పందెంతో తేలదు

చలికాలం మొదలైందంటే చాలు, ఇంగ్లండ్‌లో సైటు క్యాంటీన్లన్నీ గుర్రాల కబుర్లతో నిండిపోతాయి. శనివారం ఏదో ఊళ్లో ఓ కుర్ర గుర్రం అందరినీ వెనక్కి నెట్టి గెలిచిందనుకోండి. సోమవారం టీ టైముకల్లా దాని జాతకం రాసేస్తారు. "ఇక తిరుగులేదు, గోల్డ్ కప్ దీనిదే" అని ఒకరు. "గ్రాండ్ నేషనల్‌కి ఇప్పుడే కాసెయ్, తర్వాత రేటు పడిపోద్ది" అని ఇంకొకరు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. ఒకప్పుడు ఈ కబుర్లు ఇక్కడి వాళ్లవి. ఇప్పుడు మనోళ్లు కూడా చేరారు. చేరితే తప్పేమీ లేదు. ఉన్న దేశంలో నలుగురు మాట్లాడుకునే ఆట మనకూ తెలియాలి. ఇబ్బందల్లా జాతకం రాయడం దగ్గర ఆగకుండా, దాని మీద వారం కూలి పెట్టడం దగ్గరే వస్తోంది.

మేం సివిల్ డిప్లొమా చేసి, గల్ఫ్‌లో కొన్నేళ్లు ఎండకు కాగి, ఇప్పుడు ఇంగ్లండ్ ఉత్తరాన వానకు నానుతున్న సైట్ సూపర్‌వైజర్లం. గుర్రాల పండితులం కాదు. కానీ ఇవాళ పోసిన స్తంభం రేపు ఎంత బరువు మోస్తుందో అంచనా కట్టడం మా రోజువారీ పని. ఆ కంటితోనే ఈ పందేలను కొన్ని సీజన్లుగా చూస్తున్నాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. దూకే పందెపు గుర్రం భవిష్యత్తు ఒక్క గెలుపుతో తేలదు, కొన్న రేటుతో తేలదు, పేపర్లో పొగడ్తతో అసలే తేలదు. నాలుగైదు సంగతులు ఓపిగ్గా చూడాలి. అన్నీ చూసినా సగమే తెలుస్తుంది. ఆ తెలియని సగం మీద ఇంటికి పంపాల్సిన డబ్బు పెట్టకూడదు.

మలక్‌పేట వేరు, ఇది వేరు

హైదరాబాద్ మలక్‌పేటలో గానీ, దుబాయ్ వరల్డ్ కప్‌లో గానీ మనోళ్లు చూసేది చదును నేల మీద పరుగు. అక్కడ గుర్రాలు రెండేళ్ల వయసుకే పందేల్లోకి దిగుతాయి. డెర్బీ లాంటి పెద్ద పందేలు మూడేళ్ల గుర్రాలవి. అక్కడ బాగా గెలిచిన మగ గుర్రం అసలు సంపాదన పందెం మానేశాక మొదలవుతుంది, పిల్లల్ని కనే లాయంలో.

బ్రిటన్, ఐర్లండ్‌లలో చలికాలం జోరుగా సాగే దూకే పందేల లెక్కే వేరు. 1752లో ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో ఇద్దరు పెద్దమనుషులు బటవాంట్ చర్చి దగ్గర్నుంచి డోనరైల్ చర్చి గోపురం దాకా కంచెలు, గట్లు, వాగులు దూకుతూ పందెం వేసుకున్నారని, ఈ ఆట అక్కడే పుట్టిందని చెబుతారు. ఇప్పుడు ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి హర్డిల్, కనీసం మూడున్నర అడుగుల ఎత్తు. మన భాషలో చెప్పాలంటే, ఇక్కడి స్కాఫోల్డింగ్ మీద ఉండే గార్డ్ రెయిల్ కనీసం 950 మిల్లీమీటర్లు ఉండాలి కదా, దానికన్నా ఓ జానెడు తక్కువ ఎత్తు ఎక్కువన్నమాట. రెండోది ఫెన్స్. కనీసం నాలుగున్నర అడుగులు, కాలు తగిలితే హర్డిల్‌లా వంగి ఊరుకోదు. అరటన్ను ఒళ్లు, మీద మనిషి, కింద బురద. ఆ స్థితిలో రెండు మైళ్ల నుంచి నాలుగు మైళ్ల పైదాకా పరిగెత్తుతూ దూకాలి.

అందుకే ఈ గుర్రాలు ఆలస్యంగా ఎదుగుతాయి. నాలుగైదేళ్లకు అడ్డంకులు లేని పందెంతో మొదలుపెట్టి, తర్వాత హర్డిల్స్, ఆ పైన ఫెన్సులకు వెళతాయి. పెద్ద ఫెన్సుల గుర్రాలు ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య పూర్తి సత్తాకు వస్తాయి. గ్రాండ్ నేషనల్‌ను ఏడేళ్ల గుర్రం గెలవడం 1940 తర్వాత మళ్లీ 2022లోనే జరిగింది, నోబుల్ యేట్స్‌తో. మధ్యలో 82 ఏళ్లు.

ఇంకో ముఖ్య సంగతి ఉంది. ఈ గుర్రాల్లో ఎక్కువ భాగం విత్తు కొట్టించినవే. అంటే పిల్లల్ని కని సంపాదించి పెట్టేది లేదు. వాటి భవిష్యత్తు అంటే అవి తమ కాళ్లతో పరిగెత్తినంతే. ఒంటి బలమే ఆస్తిగా దేశం దాటి వచ్చిన మనకు ఈ మాట వేరే వివరించక్కర్లేదు.

ఏడు రోజుల క్యూబ్ చూసి స్లాబ్ విప్పుతామా?

కాంక్రీటు పోశాక ఏడో రోజు ఒక క్యూబ్ పగలగొట్టి చూస్తాం, ఇరవై ఎనిమిదో రోజు ఇంకోటి. ఏడో రోజుకు మామూలుగా మూడింట రెండు వంతుల బలం వస్తుంది. అది మంచి కబురే గానీ ఆఖరి మాట కాదు. ఒక్కోసారి ఏడో రోజు బాగున్నది తర్వాత ఆగిపోతుంది. నెమ్మదిగా మొదలైనది గట్టిపడుతుంది. కుర్ర గుర్రం తొలి గెలుపు ఏడు రోజుల క్యూబ్ లాంటిదే.

కాన్‌స్టిట్యూషన్ హిల్ సంగతి తీసుకోండి. 2022 మార్చిలో చెల్టెన్‌హామ్‌లో కొత్త హర్డిల్ గుర్రాల పందెాన్ని 22 గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. 2023లో ఛాంపియన్ హర్డిల్ కూడా దానిదే. ఇంత గొప్ప గుర్రం మళ్లీ పుట్టదన్నారు. అనారోగ్యంతో 2024 ఛాంపియన్ హర్డిల్‌కు రాలేకపోయింది. 2025లో అదే పందెంలో మధ్యలో పడిపోయింది. ఆ పందెంలో ఆఖరి హర్డిల్ దగ్గర ముందున్న స్టేట్ మ్యాన్ కూడా పడింది. 25కు 1 రేటున్న గోల్డెన్ ఏస్ గెలిచింది. నెల తిరక్కుండానే ఎయిన్‌ట్రీలో కాన్‌స్టిట్యూషన్ హిల్ మళ్లీ పడింది. ఇది చెడ్డ గుర్రం అని మేం అనడం లేదు. అంతటి గుర్రం విషయంలోనే రేపటి మాట చెప్పలేనప్పుడు, నిన్న మొన్న ఒక చిన్న ఊళ్లో గెలిచిన దానికి గోల్డ్ కప్ రాసివ్వడం ఏమిటన్నదే మా ప్రశ్న.

ఇక తిరగేసి చూడండి. గల్ఫ్‌లో పనిచేసిన మనోళ్లకు నచ్చే కథ టైగర్ రోల్‌ది. ఇది 2010లో పుట్టింది, మొదట్లో దుబాయ్ పాలకుడు షేక్ మహమ్మద్ గారి డార్లీ సంస్థ చేతిలో ఉండేది. తండ్రి ఆథరైజ్డ్ 2007లో ఇంగ్లండ్ డెర్బీ గెలిచినవాడు. చదును పందేల కోసం పుట్టించిన ఈ చిన్నపాటి గుర్రం అక్కడ ఒక్క పందెం కూడా పరిగెత్తకుండానే అమ్ముడుపోయింది, 10 వేల పౌండ్లకు. ఒక హర్డిల్ పందెం గెలిచాక 80 వేలకు చేయి మారింది. 2014లో చెల్టెన్‌హామ్‌లో నాలుగేళ్ల గుర్రాల హర్డిల్ గెలిచింది. ఆ తర్వాత చాలాకాలం పెద్దగా వెలగలేదు, దీని పని అయిపోయిందనుకున్నారు. 2017లో నాలుగు మైళ్ల ఫెన్సుల పందెం గెలిచింది. 2018లో గ్రాండ్ నేషనల్, 2019లో మళ్లీ గ్రాండ్ నేషనల్. వరుసగా రెండేళ్లు గెలవడం 1974 తర్వాత అదే మొదటిసారి.

1974లో ఆ పని చేసింది రెడ్ రమ్. దాని సంగతి ఇంకా విచిత్రం. పసితనంలో 400 గినీలకు కొన్నారు. రెండేళ్ల వయసులో ఐదు ఫర్లాంగుల చిన్న పరుగుతో మొదలుపెట్టింది. అంటే వంద మీటర్ల పరుగువాణ్ణి మారథాన్‌కు పంపినట్టు. డెక్క లోపలి ఎముక జబ్బుతో కుంటేది. 1972లో జింజర్ మెకెయిన్ అనే ట్రైనర్ తన యజమాని కోసం 6 వేల గినీలకు కొన్నాడు. కార్లు అమ్ముకునే కొట్టు వెనకాల లాయం ఆయనది. లివర్‌పూల్ దగ్గర సౌత్‌పోర్ట్ సముద్రం ఒడ్డున ఇసుకలో, ఉప్పునీళ్లలో పరిగెత్తించాడు. కాళ్లు నిలిచాయి. 1973, 1974, 1977 గ్రాండ్ నేషనల్ గెలిచింది, 1975, 1976లో రెండో స్థానం. మూడోసారి గెలిచేనాటికి వయసు 12.

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం మనం. చాలా విషయాల్లో నిజమే. కానీ ఈ గుర్రాల విషయంలో ఆ సామెత ఒక్కటే పట్టుకుంటే రెడ్ రమ్ ఉండదు, టైగర్ రోల్ ఉండదు. సరైన నేల, సరైన దూరం, ఓపికున్న మనిషి దొరికేదాకా కొన్నింటి సత్తా బయటపడదు.

మరి ఏం చూడాలి?

మన పల్లెల్లో ఎద్దును కొనేటప్పుడు పెద్దలు పళ్లు చూసేవారు, సుడులు చూసేవారు, నడిపించి చూసేవారు, దుక్కిలో కట్టి చూసేవారు. గోదావరి జిల్లాల్లో పందెం కోడికి కుక్కుట శాస్త్రమే ఉంది. సుడులూ రంగులూ మాట ఎలా ఉన్నా, దుక్కిలో కట్టి చూడటం మాత్రం అసలైన పరీక్ష. ఇక్కడా అంతే.

మొదటిది దూకుడు తీరు. గెలిచిందా లేదా కాదు, ఎలా దూకిందో చూడండి. ఫెన్సుకు మరీ దగ్గరికెళ్లి ఎగిరిందా, మరీ దూరం నుంచి ఎగబడిందా, దిగాక తడబడకుండా పరుగు అందుకుందా? ముఖ్యంగా అలిసిపోయాక, చివరి రెండు ఫెన్సుల దగ్గర. పొద్దున ఎనిమిదింటికి అందరూ బాగానే పనిచేస్తారు, సాయంత్రం ఐదింటికి ఎవరు జాగ్రత్తగా ఉంటారన్నదే లెక్క. అలాగని ఒక్క తప్పుకే కొట్టిపారేయకూడదు. కౌటో స్టార్‌కు మొదట్లో చివరి ఫెన్సులను గుద్దుకునే అలవాటుండేది. అదే గుర్రం 2007, 2009 గోల్డ్ కప్‌లు, ఐదుసార్లు కెంప్టన్‌లో కింగ్ జార్జ్ పందెం గెలిచింది. పోగొట్టుకున్న గోల్డ్ కప్‌ను తిరిగి గెలుచుకున్న తొలి గుర్రం అది.

రెండోది నేల. నల్లరేగడిలో ఒక పునాది, మొరం నేలలో ఇంకో పునాది. అదే గుర్రం గట్టి నేల మీద ఒకలా, బురదలో ఒకలా ఉంటుంది. పందెం రోజున నేల గట్టిదా, మెత్తదా, బాగా బురదా అన్నది ముందే ప్రకటిస్తారు. బురదలో ఇరవై పొడవుల తేడాతో గెలిచిందంటే అది ఎగిరిపోయిందని కాదు, మిగతావి కూరుకుపోయాయని కూడా కావచ్చు. మార్చి నెలలో నేల ఆరాక అదే ఆట సాగుతుందా అన్నది వేరే ప్రశ్న.

మూడోది దూరం, మైదానం. మన ఊళ్లో పాత మైలురాళ్ల మీద ఉండే ఫర్లాంగు లెక్క ఇక్కడి రేసుల్లో ఇంకా బతికే ఉంది. మైలుకు ఎనిమిది. రెండు మైళ్లకు వేగం కావాలి, మూడు దాటితే దమ్ము కావాలి. చెల్టెన్‌హామ్‌లో ఆఖర్న ఎత్తు ఎక్కాలి. ఎయిన్‌ట్రీలో ఆఖరి ఫెన్సు దూకాక కూడా 494 గజాలు మిగిలే ఉంటుంది. కొన్ని మైదానాలు ఎడమకు తిరుగుతాయి, కొన్ని కుడికి. డెజర్ట్ ఆర్కిడ్ అనే తెల్ల గుర్రానికి కుడివైపు తిరిగే కెంప్టన్ సొంతిల్లు లాంటిది, అక్కడ కింగ్ జార్జ్ నాలుగుసార్లు గెలిచింది. 1989లో ఎడమవైపు తిరిగే చెల్టెన్‌హామ్‌లో, ఒళ్లంతా బురదతో గోల్డ్ కప్ గెలిచినప్పుడు జనం వెర్రెత్తిపోవడానికి కారణం అదే. తన చోటు కాని చోట గెలిచింది.

నాలుగోది రేటింగ్, బరువు. మామూలుగా మూడు పందేలు పరిగెత్తాక గుర్రానికి ఇక్కడి అధికార సంస్థ ఒక అంకె ఇస్తుంది, వారం వారం సవరిస్తుంది. ఒక అంకెకు ఒక పౌను బరువు. 140 అంకె గుర్రం 130 అంకె గుర్రంకన్నా పది పౌన్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోలు ఎక్కువ మోయాలి. గెలిచినకొద్దీ అంకె పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. కాబట్టి మూడు గెలిచి నాలుగోది ఓడితే దాని పని అయిపోయిందనుకోవద్దు. బరువు చూడండి. 1973 గ్రాండ్ నేషనల్‌లో రెడ్ రమ్ ఆఖరి అంగల్లో దాటేసిన క్రిస్ప్ దానికన్నా 23 పౌన్లు ఎక్కువ మోస్తోంది. పదికిలోల పైమాట. గెలిచిన గుర్రం పేరు అందరికీ తెలుసు, ఓడినదాని గొప్పతనం లెక్క తెలిసినవాడికే తెలుసు.

ఐదోది ఒళ్లు. ముంగాళ్ల వెనక నరం దెబ్బతింటే ఏడాది పోతుంది. ఊపిరి సరిగా ఆడక గొంతుకు ఆపరేషన్ చేయిస్తారు. ఆ సంగతి 2018 నుంచి బ్రిటన్‌లో బయటపెట్టాల్సిందే. గుండె లయ తప్పే జబ్బు కూడా వస్తుంది. 2008 గోల్డ్ కప్ గెలిచిన డెన్‌మన్‌కు అలాగే వచ్చింది. వైద్యం చేయించుకుని తిరిగొచ్చి 2009, 2010, 2011లలో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. స్ప్రింటర్ సాక్రే 2013లో ఛాంపియన్ ఛేజ్‌ను 19 పొడవుల తేడాతో గెలిచి, అదే ఏడాది డిసెంబరులో గుండె లయ తప్పి పందెం మధ్యలో ఆగిపోయింది. ఒక్క గెలుపు లేకుండా దాదాపు రెండేళ్లు గడిచాయి. యజమాని, ట్రైనర్ తొందరపడలేదు. 2016లో మళ్లీ అదే ఛాంపియన్ ఛేజ్ గెలిచింది.

చివరిది ఎంత వాడారన్నది. బెస్ట్ మేట్ 2002, 2003, 2004 గోల్డ్ కప్‌లు వరుసగా గెలిచింది. జీవితం మొత్తంలో పరిగెత్తినవి 22 పందేలు. 14 గెలుపులు, 7 రెండో స్థానాలు. ఒక్కసారి కూడా పడలేదు. ఏడాదికి కొన్ని పందేలే అని ట్రైనర్ హెన్రియెటా నైట్ గీత గీసుకుంది. కుర్ర గుర్రాన్ని వారం వారం పరిగెత్తించే యజమాని దగ్గర దానికి భవిష్యత్తు ఉండదు. అది గుర్రం తప్పు కాదు.

రేటు చూసి మోసపోవద్దు

వేలంలో ఎక్కువకు అమ్ముడుపోయింది కాబట్టి గొప్పదే అనేవాళ్లు చాలామంది. ఐర్లండ్ పల్లె పందేల్లో ఒక్కటి గెలిచిన ఎన్వాయ్ అలెన్‌ను 2018లో 4 లక్షల పౌండ్లకు కొన్నారు. అది పెద్ద పందేలు గెలిచింది, నిజమే. కానీ చరిత్రలోకెల్లా గొప్పదని చాలామంది ఒప్పుకునే ఆర్కిల్ ధర 1,150 గినీలు. 1964, 1965, 1966 గోల్డ్ కప్‌లు దానివే. టైమ్‌ఫామ్ సంస్థ దానికిచ్చిన 212 రేటింగ్‌ను దూకే గుర్రాల్లో ఇంకేదీ అందుకోలేదు. అంతటిది తన తొలి పందెంలో మూడో స్థానంలో వచ్చింది. ఆ రోజు చూసినవాడెవడూ జాతకం రాసి ఉండడు.

1990లో గోల్డ్ కప్ గెలిచిన నార్టన్స్ కాయిన్ రేటు 100కు 1. దాని యజమాని, ట్రైనర్ ఒక్కడే. వేల్స్‌లో పాడి రైతు. లాయంలో మూడు గుర్రాలు. పాలు పిండుకుని పందేనికి వచ్చినవాడు. ఏజెంటు అడిగినంత ఇచ్చి వీసా కొన్న మనోళ్లకు తెలుసు, ఎక్కువ రేటు కట్టిన వీసా మంచి కంపెనీదే అవ్వాలని రూలేమీ లేదు.

తెలివి ఉంది కాబట్టి డబ్బు వస్తుందా?

ఇక్కడ మమ్మల్ని కొందరు నిలదీస్తారు. "ఇన్ని లెక్కలు చెబుతున్నారు, అవన్నీ నేర్చుకుంటే గెలవొచ్చు కదా? గుర్రపు పందెం నైపుణ్యం అని మన సుప్రీంకోర్టే 1996లో చెప్పింది కదా?" చెప్పింది, నిజమే. గుర్రాన్ని అంచనా కట్టడంలో నైపుణ్యం ఉంది. మేమూ అదే అంటున్నాం. కానీ నైపుణ్యం ఉండటం వేరు, షాపువాడి మీద గెలవడం వేరు.

సులువు లెక్క చూడండి. రెండే గుర్రాలు, రెండూ సరిసమానం అనుకుందాం. షాపువాడు రెండింటికీ 5/6 రేటు ఇస్తాడు. అంటే 6 పౌండ్లు పెట్టి గెలిస్తే పెట్టిన 6, లాభం 5, మొత్తం 11 చేతికొస్తాయి. ఇద్దరు స్నేహితులు చెరో గుర్రం మీద 6 పెట్టారు. షాపుకు వచ్చినవి 12, ఇచ్చినవి 11. ఏ గుర్రం గెలిచినా వాడికి ఒక పౌను మిగిలింది. గుర్రాలు పెరిగినకొద్దీ ఆ మిగులు మామూలుగా ఇంకా పెరుగుతుంది. పైగా మీకు తెలిసిన నేల, బరువు, దూరం లెక్కలన్నీ వాడికీ తెలుసు, వాడి రేటులో అవి అప్పటికే కలిసి ఉంటాయి. మీరు గుర్రంతో కాదు, ఆ రేటుతో పందెం కాస్తున్నారు.

అదృష్టం సంగతి సరే సరి. 1967 గ్రాండ్ నేషనల్‌లో 23వ ఫెన్సు దగ్గర గుర్రాలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఆగిపోతే, బాగా వెనకబడి వస్తున్న ఫోయినవన్ సందు చూసుకుని దూకి గెలిచింది. దాని రేటు 100కు 1. ఆ ఫెన్సుకు ఇప్పుడు దాని పేరే. ఏ శాస్త్రంలో ఉంటుంది ఇది?

మా పక్క గదిలో ఉండే ఒక తమ్ముడు ప్లాస్టరింగ్ పని చేస్తాడు. మంచి చెయ్యి. ఒక సీజన్లో తొలి వారం గెలిచాడు. ఆ గెలుపే కొంప ముంచింది. శనివారం షాపు, ఆదివారం ఫోన్లో ఆట, సోమవారం అప్పు. ఊళ్లో చెల్లెలి పెళ్లికి పంపాల్సిన డబ్బు మూడు నెలలు ఆగిపోయింది. తల్లికి "ఇక్కడ పని తగ్గిందమ్మా" అని చెప్పాడు. పని తగ్గలేదు. గదిలో అందరం కూర్చుని మాట్లాడాక దారిలోకి వచ్చాడు. ఇలాంటివాడు ప్రతి పది గదులకు ఒకడు ఉంటాడని మా అనుమానం. సిగ్గుతో బయటికి చెప్పడు.

ఈ దేశం కొన్ని అడ్డుకట్టలు వేసింది. షాపుల్లోని ఆట మెషీన్ల మీద ఒక్కసారికి 100 పౌండ్లదాకా పెట్టే వీలుండేది, 2019లో దాన్ని 2 పౌండ్లకు తగ్గించారు. 2020 నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడనివ్వరు. గామ్‌స్టాప్ అని ఉచిత సేవ ఉంది. అందులో పేరు రాయించుకుంటే బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ ఆటల్లోకి మనల్ని రానివ్వరు. షాపుల్లో కూడా నన్ను రానివ్వొద్దని మనమే రాసివ్వొచ్చు. ఇంగ్లీషు రాని తమ్ముడికి ఇవన్నీ తెలియవు. తెలిసిన అన్నలు పక్కన కూర్చుని ఫోన్లో నమోదు చేయించాలి. ఇది పరువు పోయే పని కాదు, పరువు నిలిపే పని.

పందెం అయిపోయాక?

గుర్రం భవిష్యత్తు అంటే వచ్చే మార్చి పందెమేనా? పదకొండు, పన్నెండేళ్లకు పరుగు ఆపేశాక ఇంకో పది పదిహేనేళ్లు బతుకుతుంది. రెడ్ రమ్ 30 ఏళ్లు బతికి 1995లో పోయింది, ఎయిన్‌ట్రీలో గెలుపు గుంజ దగ్గరే పూడ్చారు. అన్నింటికీ ఆ అదృష్టం లేదు. 2012 గ్రాండ్ నేషనల్‌లో రెండు గుర్రాలు చనిపోయాయి. 2013లో ఫెన్సుల లోపలి గట్టి కొయ్యలు తీసేశారు. 2023లో మళ్లీ ఒకటి పోయింది. 2024 నుంచి 40 గుర్రాల బదులు 34నే పరిగెత్తిస్తున్నారు. పరుగు మానేసిన గుర్రాలకు వేరే పని నేర్పి కొత్త ఇల్లు చూసిపెట్టే సంస్థను 2000లో పెట్టారు. చాలదని అడిగేవాళ్లున్నారు. అడగాలి కూడా. కానీ ఒక మాట గమనించండి. గుర్రానికి నరం పట్టేస్తే ఏడాది విశ్రాంతి ఇస్తారు. ఎప్పుడు దెబ్బ తగిలింది, ఎప్పుడు ఆపరేషన్ అయింది, ఎంత బరువు మోసింది, అన్నీ రాసి ఉంటాయి.

మన సంగతి? భుజం నొప్పి అంటే ఒక మాత్ర మింగి మళ్లీ బ్లాకులు ఎత్తుతాం. నిచ్చెన మీంచి జారితే సూపర్‌వైజర్‌కు చెప్పకుండా దాచుకుంటాం, రేపు పనిలోకి రావొద్దంటాడేమోనని. సూపర్‌వైజర్లుగా మేం చెబుతున్నాం, దాచొద్దు. యాక్సిడెంట్ బుక్కులో రాయించండి, మీ దగ్గర కూడా తేదీ వేసి రాసిపెట్టుకోండి. దెబ్బ వల్ల ఏడు రోజులకు మించి పనికి రాలేకపోతే ఆ సంగతి యజమాని ప్రభుత్వానికి తెలియజేయాలని ఈ దేశపు చట్టం. గుర్రానికున్నంత రికార్డు మనిషికీ ఉండాలి.

ముప్ఫై ఏళ్లకు మోసినంత యాభైకి మోయలేం. గుర్రం ఏ నేల మీద పరిగెత్తుతుంది, ఎంత దూరం వెళుతుంది, ఎప్పుడు ఆగాలి అని ఇంత తర్కించే మనం, మన గురించి కూడా ఆ లెక్క వేసుకోవాలి కదా? ఇంకెన్నేళ్లు ఈ పని? ఆ తర్వాత ఏమిటి? చేతిలో ఒక లైసెన్సో, సర్టిఫికెట్టో, ఊళ్లో ఒక ఆధారమో ఉందా? శనివారం షాపులో పెట్టే ఇరవై పౌండ్లు ఏడాదికి వెయ్యి దాటుతాయి. క్రేన్ సిగ్నల్ కోర్సుకో, ఇంగ్లీషు క్లాసుకో అది చాలు.

గ్రాండ్ నేషనల్ చూడండి. గదిలో అందరూ కలిసి, బిర్యానీ వండుకుని మరీ చూడండి. 30 ఫెన్సులు, నాలుగు మైళ్ల పైచిలుకు, అంత అందమైన ప్రాణి గాలిలోకి లేవడం చూడాల్సిన దృశ్యమే. పేర్లు చీటీలు రాసి, గెలిచినవాడికి టీ తాగించండి. ఏ గుర్రానికి ఏ నేల పడుతుందో వాదించుకోండి. ఓడినదాని మీద ఎంత బరువుందో అడగండి. పక్కవాడు ఫోన్ తీసి కార్డు నంబరు కొడుతుంటే మాత్రం మొహమాటపడకండి. చెయ్యి పట్టుకుని ఆపండి.